నల్లరేగడి మీద 1956 నాటి రాంచ్ ఇల్లు: బాగుచేసుకున్న అనుభవం

డాలస్‌కు ఉత్తరాన ఆనుకుని ఉన్న రిచర్డ్‌సన్‌లో 1956లో కట్టిన ఒక రాంచ్ ఇంటిని మేము కొన్నప్పుడు, ఇంకా ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్రాస్పర్ ఊళ్లలో కొత్త ఇళ్లు తీసుకున్న మా స్నేహితులు చాలామంది దాన్ని పడగొట్టి ఆ స్థలంలో రెండంతస్తుల ఇల్లు కడతామనే అనుకున్నారు. మాకు మాత్రం ఆ ఇల్లే కావలసి వచ్చింది. మొదటి కారణం మా అత్తగారి మోకాళ్లు. ఏటా కొన్ని నెలలు వచ్చి మాతో ఉండే ఆవిడకు మెట్లెక్కడం కష్టం. కొత్త ఇళ్లలో ఎక్కువ పడకగదులు పై అంతస్తులో ఉంటాయి. ఇక్కడ వీధి గుమ్మం దగ్గర రెండు మెట్లు దాటితే ఇల్లంతా ఒకే మట్టం. రెండో కారణం, ఏ గదిలో నిలబడినా పెరడు కనిపించేలా ఆ ఇంటిని అమర్చిన తీరు. ఆ అమరికను చెడగొట్టకుండా ఇంటిని ఈ కాలానికి పనికివచ్చేలా చేసుకోవాలన్నది మా కోరిక.

రాంచ్ ఇల్లు అంటే పొడవుగా, ఎత్తు తక్కువగా, నేలను అంటిపెట్టుకుని ఉండే ఒంటి అంతస్తు ఇల్లు. వాలు తక్కువైన కప్పు, వెడల్పాటి చూరు, వీధి వైపు ఒక పెద్ద అద్దపు కిటికీ, పెరటి వైపు తలుపులు, ఇంటికి కలిసి ఉండే గరాజ్ దాని గుర్తులు. కాలిఫోర్నియాలో స్పానిష్, మెక్సికన్ పాలనల కాలంలో పశువుల పెంపకందార్లు కట్టుకున్న ఇళ్లు ఈ రూపానికి మూలం. 1930ల ఆరంభంలో శాన్‌డియాగోలో క్లిఫ్ మే అనే ఇళ్ల డిజైనరు ఆ పాత రూపాన్ని కొత్త కాలానికి తగినట్టు మలిచి కట్టడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, 1944 నాటి జి.ఐ. బిల్లు కింద తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వ హామీతో ఇంటి రుణాలు అందడంతో, 1950లలో దేశమంతటా ఇవే ఇళ్లు వరుసలు వరుసలుగా లేచాయి. రిచర్డ్‌సన్ కూడా ఆ దశాబ్దంలోనే పెరిగింది. 1958లో ఇక్కడికి దగ్గర్లోనే, డాలస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ తొలి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను చేసి చూపించాడు. ఆ తర్వాతి దశాబ్దాలలో టెలికాం కారిడార్ అని పేరుపడిన ఈ ప్రాంతానికి ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. మేమూ ఆ దారినే వచ్చాం.

ఇలాంటి ఇంటిని బాగుచేయడంలో అన్నిటికన్నా కష్టమైనది, ఏది మార్చకుండా వదిలిపెట్టాలో తేల్చుకోవడమే. కాంట్రాక్టర్లు ఎవరొచ్చినా ముందు గోడలు తీసేయడం గురించి, కొత్త అల్మరాల గురించి, బూడిదరంగు నేల గురించి మాట్లాడతారు. మేము డబ్బును మూడు వాటాలు చేసి, పెద్ద వాటాను కంటికి కనిపించని వాటికి, అంటే పునాదికి, గొట్టాలకు, తీగలకు, అటకకు కేటాయించాం. కంటికి కనిపించేవాటిలో మిగిలి ఉన్నవి బాగుంటే వాటిని శుభ్రం చేసి ఉంచుకోవడం, పాడైతేనే మార్చడం అన్న నియమం పెట్టుకున్నాం. ఆ నియమం వల్ల ఖర్చు తగ్గిందని చెప్పను. పాతదాన్ని నిలబెట్టడానికి చేయి తిరిగిన పనివాళ్లు కావాలి, వాళ్లకు సమయం కావాలి.

మొదట నేల సంగతి. రిచర్డ్‌సన్ ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ మీద. ఉత్తరాన రెడ్ రివర్ దగ్గర మొదలై దక్షిణాన శాన్ ఆంటోనియో దాకా సాగే ఈ నల్లమట్టి పట్టీలో ఒకప్పుడు పత్తి విరివిగా పండేది. నేను పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో. మా నాన్నగారు మొదటిసారి ఈ ఇంటికి వచ్చి, ఆగస్టు ఎండకు పెరట్లో నోళ్లు తెరిచిన నెర్రెలను వంగి చూసి, పిడికెడు మట్టి తీసి నలిపి, “ఇది మన రేగడేనమ్మా, దీనిమీద ఇల్లు కదలకుండా ఎలా ఉంటుంది?” అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఈ బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంటి నడిమధ్య కింద మట్టి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అంచుల దగ్గర మాత్రం వానకు తడిసి ఎండకు ఆరుతూ ఉంటుంది. ఈ తేడా వల్లనే ఇంటి అంచులు లేస్తూ దిగుతూ ఉంటాయి, తలుపులు చౌకట్లకు పట్టేస్తాయి, కిటికీ మూలల నుంచి గోడ మీద ఏటవాలు పగుళ్లు పాకుతాయి.

మా ఇల్లు పియర్ అండ్ బీమ్ పద్ధతిలో కట్టినది. అంటే చుట్టూ కాంక్రీటు దూలం, లోపల వరుసగా పొట్టి కాంక్రీటు స్తంభాలు (పియర్లు), వాటిమీద కొయ్య దూలాలు, ఆపైన నేల పలకలు. నేలకూ మట్టికీ మధ్య మనిషి పాకి వెళ్లగలిగేంత ఖాళీ ఉంటుంది. కాంక్రీటు పలక మీద నేరుగా కట్టిన ఇళ్లతో పోలిస్తే ఈ ఖాళీ ఒక వరం, ఎందుకంటే కింద ఏం జరుగుతున్నదో చూడవచ్చు, గొట్టాలను నేల పగలగొట్టకుండా మార్చవచ్చు. మేము పునాది కంపెనీలను పిలవడానికి ముందు, వాటితో సంబంధం లేని ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు సొంతంగా రుసుము కట్టి పిలిపించుకున్నాం. పియర్లు అమ్మేవాళ్లు చెప్పే లెక్క కన్నా ఏమీ అమ్మని మనిషి చెప్పే లెక్కను నమ్మవచ్చన్నది మా ఉద్దేశం. ఆయన ద్రవపు ఒత్తిడితో మట్టం చూపే పరికరంతో గది గదిలోనూ కొలతలు తీసి, ఇంటి పటం మీద గుర్తించి, నైరుతి మూల నడిమధ్య కన్నా దాదాపు రెండు అంగుళాలు దిగిందని తేల్చారు. పడమటి ఎండ, అక్కడే ఉన్న పెద్ద పెకాన్ (ఒక రకం గింజల) చెట్టు రెండూ కలిసి ఆ మూలలో మట్టిని ఆరబెడుతున్నాయి.

ఆయన సూచన మేరకు పడమర, దక్షిణం అంచుల కింద పియర్లు దింపించాం. మట్టిలో చెమ్మ ఋతువులను బట్టి మారే పొరను దాటి లోతుకు తవ్వి, అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసి, ఊచలు పెట్టి కాంక్రీటు పోసే పద్ధతి అది. పైపొర మట్టి ఉబ్బినా, అడుగున ఉబ్బుగా ఉండే ఈ పియరు పైకి లేవదు. మన దేశంలో నల్లరేగడి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ తీర్చిదిద్దిన అండర్‌రీమ్డ్ పైల్స్‌లో ఉన్నదీ ఇదే సూత్రం. ఆ సంగతి చెప్పినప్పుడు నాన్నగారికి ఈ పని మీద నమ్మకం కుదిరింది. లోపలి కొయ్య దూలాలలో చెదలు తిన్నవాటిని మార్చి, స్తంభాలకూ దూలాలకూ మధ్య ఉక్కు బిళ్లలు పెట్టి మట్టం సరిచేశారు. జాకీలతో ఇంటిని ఒక్కసారిగా లేపకుండా, కొద్దికొద్దిగా, రోజుల ఎడంతో లేపారు. అలా లేపుతున్నప్పుడు గోడల నుంచి వచ్చే చప్పుడు కొత్తవాళ్లకు భయం పుట్టిస్తుంది. అది సహజమేనని ఇంజినీరు ముందే చెప్పడం మంచిదయింది.

పనుల వరుస గురించి ఇక్కడే చెప్పాలి. పునాది మట్టం సరిచేసినప్పుడు పాత గొట్టాల అతుకులు విడిపోవచ్చు. అందుకని ఇల్లు లేపాక మురుగు గొట్టాలను నీటితో నింపి మట్టం దిగుతున్నదేమో చూసే పరీక్ష, గ్యాస్ గొట్టానికి ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఆ తర్వాతే గొట్టాలు, తీగలు. ఆ తర్వాత గోడలు. అన్నిటికన్నా చివర నేల పాలిష్. గోడ పగుళ్లను ముందు పూడ్చి రంగు వేసుకుని, పునాదిని ఆ తర్వాత ముట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. వాళ్లు గోడల పని రెండోసారి చేయించుకోవలసి వచ్చింది.

మా ఇంటి మురుగు గొట్టాలు పోత ఇనుమువి. కెమెరా దింపి చూస్తే అడుగు భాగమంతా తుప్పుతో తినుకుపోయి ఉంది, ఇంటి నుంచి వీధి గొట్టానికి వెళ్లే మట్టి గొట్టంలోకి వేళ్లు చొచ్చుకొచ్చాయి. వాటి స్థానంలో పీవీసీ వేయించాం. మంచినీటి గొట్టాలు జింకు పూత ఇనుమువి. లోపల తుప్పు పేరుకుని నీటి దారి సన్నబడింది, వాటి బదులు పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. 2021 ఫిబ్రవరి చలి తుపానులో టెక్సాస్‌లో ఎన్ని ఇళ్లలో గొట్టాలు పగిలాయో చూసినవాళ్లం కాబట్టి, నేల కింద వెళ్లే ప్రతి గొట్టానికీ తొడుగు వేయించాం, బయటి గోడలో ఉన్న వంటింటి గొట్టాలను లోపలి వైపుకు మళ్లించాం. కింద మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ పరిపించి చెమ్మ పైకి రాకుండా చేశాం.

తీగల విషయం క్లుప్తంగా చెబుతాను. 1956 నాటి వైరింగులో రెండే తీగలు, ఎర్త్ లేదు. రెండు కన్నాల ప్లగ్గులను తీసి మూడు కన్నాలవి బిగించి ఊరుకుంటే చూపుకు బాగుంటుంది తప్ప రక్షణ ఉండదు. ఫ్యూజు పెట్టె స్థానంలో 200 ఆంపియర్ల ప్యానెల్ పెట్టించి, కింద ఖాళీ, పైన అటక ఉండడం వల్ల గోడలు పెద్దగా కోయకుండానే ఇల్లంతా కొత్త తీగలు లాగించాం. వంటింటికి నిబంధన ప్రకారం 20 ఆంపియర్ల సర్క్యూట్లు కనీసం రెండు ఉండాలి. మిక్సీ, గ్రైండర్, మైక్రోవేవ్ ఒకేసారి నడిచే ఇల్లు మాది కనుక మేము మూడోది కూడా అడిగి వేయించుకున్నాం.

పాత ఇల్లు కొనే ప్రతి తెలుగు కుటుంబానికీ, ముఖ్యంగా చిన్నపిల్లలున్నవాళ్లకు, నేను ఆపి మరీ చెప్పదలచుకున్నది సీసం గురించి, పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార ఆస్‌బెస్టాస్ గురించి. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత రంగును గీకినా, కోసినా వచ్చే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2010 నుంచి అమల్లో ఉన్న ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) నిబంధన ప్రకారం, డబ్బు తీసుకుని పనిచేసే కాంట్రాక్టరు అలాంటి ఇంట్లో ఒక గదిలో ఆరు చదరపు అడుగులకు మించి రంగు పూతను కదిలిస్తే, సీసం విషయంలో శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవాడై ఉండాలి, గదిని ప్లాస్టిక్‌తో మూసి పనిచేయాలి. మా కిటికీ చట్రాలలోను, తలుపు చౌకట్లలోను సీసం ఉన్నట్టు తేలింది. ఆ పని జరిగినన్నాళ్లూ మా చిన్నమ్మాయిని తీసుకుని అద్దె ఇంట్లోనే ఉన్నాం. అద్దె, వాయిదా రెండూ కట్టుకోవడం భారమే అయినా దానిమీద మాలో ఎవరికీ రెండో మాట లేదు.

వంటింటి నేల మీద తొమ్మిది అంగుళాల చదరపు పలకలు ఉండేవి. ఆ కొలతలో ఉన్న పాత పలక కనిపిస్తే ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకుని పరీక్షకు పంపడం మంచిది. మా ఇంట్లో పలకలోనూ, దాన్ని అంటించిన నల్లటి జిగురులోనూ కూడా ఉంది. చెక్కుచెదరని పలకలను కదిలించకుండా వాటిపైనే కొత్త నేల వేసుకోవడం సురక్షితమైన పద్ధతే. కాని మాకు వంటింటి గొట్టాల కోసం నేల విప్పవలసి ఉండడంతో, లైసెన్సు ఉన్న సంస్థను పిలిచి తీయించాం. లోపలి కప్పుకు ఎవరో తర్వాతి కాలంలో వేసిన గరుకు పూతలో ఆస్‌బెస్టాస్ లేదని పరీక్షలో తేలింది. దాన్ని తడిపి గీకించాం. ఈ పరీక్షలకు అయ్యే ఖర్చు మొత్తం పని ముందు చాలా చిన్నది, ఫలితాలు రావడానికీ పెద్దగా సమయం పట్టదు. పరీక్ష చేయకుండా సుత్తి ఎత్తనివ్వకండి.

ఇక చూరు. ఈ ఇంటికి రెండడుగుల చూరు ఉంది, పెరటి వైపు గోడ సరిగ్గా దక్షిణానికి చూస్తుంది. డాలస్‌లో జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాకాశంలో 80 డిగ్రీలకు పైన ఉంటాడు, డిసెంబరు 21న 34 డిగ్రీల దగ్గరే ఉంటాడు. కాబట్టి ఈ చూరు వేసవిలో పెరటి అద్దాలను పూర్తిగా నీడలో ఉంచుతుంది, చలికాలంలో కిటికీ పై భాగానికి తప్ప మిగతా అద్దమంతటికీ ఎండను లోపలికి రానిస్తుంది. మన విజయవాడలో ఇలా కుదరదు. అక్కడ జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. ఒక ప్రాంతపు ఎండ లెక్కను ఇంత తేలికగా కప్పులో ఇమిడ్చినవాళ్ల మీద నాకు గౌరవం కలిగింది. చూరును తగ్గించి గోడలు నిటారుగా కనిపించేలా చేద్దామన్న ఒక డిజైనరు సలహాను అందుకే ఒప్పుకోలేదు. పడమటి వైపు మాత్రం చూరు పనిచేయదు, సాయంకాలపు ఎండ అడ్డంగా వస్తుంది. అక్కడ ఎండ వేడిని బాగా ఆపే పూత ఉన్న రెండు పొరల అద్దాలు పెట్టించాం.

వీధి వైపు పెద్ద కిటికీకి పాత చట్రపు కొలతలనే, అడ్డ పట్టీల వరుసనే ఉంచి కొత్త అద్దం వేయించాం. నేలకు 18 అంగుళాల లోపుకు దిగే అంత పెద్ద అద్దం కనుక అది టెంపర్డ్, అంటే పగిలినా పదునైన ముక్కలు కాని గట్టి అద్దం అయి ఉండాలి. రాంచ్ ఇళ్ల పడకగదులకు గోడ పైభాగంలో సన్నటి పొడవాటి కిటికీలు ఉంటాయి. వీధిలోవాళ్లకు లోపల కనిపించదు, కింద గోడంతా మంచానికీ బీరువాకూ మిగులుతుంది. మంచి ఆలోచనే, కాని మంటలు రేగితే వాటిలోంచి బయటపడలేరు. ఇప్పటి నిబంధన ప్రకారం పడకగదిలో బయటపడే కిటికీ అడుగు అంచు నేలకు 44 అంగుళాల కన్నా ఎత్తులో ఉండకూడదు, తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి. ప్రతి పడకగదిలోనూ పెరటి వైపు ఒక్క కిటికీని కిందికి దింపించి, వీధి వైపు సన్న కిటికీలను అలాగే ఉంచాం.

అటకలో ముందు ప్రతి కన్నాన్నీ, దీపాల చుట్టూ, గొట్టాల చుట్టూ ఉన్న సందులనూ మూసి, ఆ తర్వాత వేడిని ఆపే కాగితపు పీచు సెల్యులోజ్‌ను దాదాపు 11 అంగుళాల మందాన పోయించాం. అది ఆర్-38 విలువకు సరిపోతుంది (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత ఇది). చూరు కింది గాలి రంధ్రాలు మూసుకుపోకుండా వాసాల మధ్య అట్టలు పెట్టించాం. కొత్త ఏసీ కొనడానికి ముందు ఈ పని చేయించడం వల్ల, మొదట అనుకున్నదానికన్నా చిన్న ఏసీ సరిపోతుందని లెక్క తేలింది.

వంటింటి దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో అభిప్రాయాలు వేరయ్యాయి. వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ తీసేసి అంతా ఒకటి చేద్దామని మా వారు, వద్దని నేను. ఇంజినీరు అటకలోకి ఎక్కి చూస్తే ఆ గోడ కప్పు భారాన్ని మోస్తున్నదని తేలింది. లోపలి కప్పు దూలాలు రెండు వైపుల నుంచి వచ్చి ఆ గోడ మీదే కలుస్తున్నాయి, వాసాలకు ఆనించిన ఏటవాలు కొయ్యలు కూడా దానిమీదే దిగుతున్నాయి. 1950ల ఇళ్లలో ఇది మామూలే. మొత్తం తీయాలంటే పెద్ద దూలం, దాని కింద కొత్త పియర్లు కావాలి. నా అభ్యంతరం మాత్రం వేరు: ఎండుమిర్చి తాలింపు ఘాటు, చేపల పులుసు వాసన సోఫాలకూ కర్టెన్లకూ పట్టకూడదు. చివరికి గోడ ఉంచి, అందులో ఐదడుగుల వెడల్పు దారి తెరిపించి, పైన ఇంజినీరు చెప్పిన కొలతకు ఎల్‌వీఎల్ (పలుచటి కొయ్య పొరలు అతికించి చేసిన) దూలం వేయించాం. వంటింట్లో నిలబడితే ఆ దారిలోంచి పెద్ద కిటికీ సూటిగా కనిపిస్తుంది. వంట చేసేవాళ్లు ఒంటరి కారు, వాసన ఇల్లంతా పాకదు. ఇప్పుడు మా వారికీ ఇదే నచ్చింది.

పొయ్యి మీద పెట్టించిన హుడ్ గాలిని వడకట్టి తిరిగి గదిలోకే వదిలే రకం కాదు, కప్పులోంచి బయటికి పంపేది. తెలుగు వంటకు ఇది తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. గొట్టం పొట్టిగా, తిన్నగా, లోపల నునుపుగా ఉండాలి. హుడ్ మరీ బలమైనదైతే లాగేసిన గాలికి బదులు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా కావాలి, లేకపోతే గ్యాస్ వాటర్ హీటరు పొగ వెనక్కి ఇంట్లోకి రావచ్చు. అల్మరాలు ఆనాటి వడ్రంగి ఇక్కడే కూర్చుని చేసిన బిర్చ్ ప్లైవుడ్‌వి. పెట్టెలు గట్టిగా ఉన్నాయి. సొరుగుల పట్టాలు మార్చి, తలుపుల మీది రంగును రక్షణ పద్ధతిలో తీయించి, కొయ్య కనిపించేలా వార్నిషు వేయించాం. గట్టు మీద గ్రానైటు వేయమని అందరూ చెప్పినా, ఆ కాలపు ఇళ్లలో ఉండే లామినేట్ (సన్‌మైకా లాంటిది) నే ఎంచుకున్నాం, పసుపు మరకలు తెలియకుండా లేత పసుపుపచ్చ రంగులో. వేడి గిన్నె దించుకోవడానికి పొయ్యి పక్కన మాత్రం రాతి పలక ఉంది.

హాలు, అంటే గదుల మధ్య నడవా, పక్కనున్న స్నానాలగది గులాబీ రంగుది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ భార్య మేమీకి ఇష్టమైన రంగుగా 1950లలో అమెరికా అంతటా వ్యాపించిన గులాబీ అది. పలకలు 4¼ అంగుళాలవి, ఇనుప జాలీ మీద మందంగా సిమెంటు పూసి అందులో అమర్చినవి. అంత గట్టి పని ఇప్పుడు చేయించాలంటే దొరకడం కష్టం, ఒక్క పలక కూడా వదులు కాలేదు. అత్తగారి కోసం పట్టుకునే కడ్డీలు బిగించాలి, కుళాయి లోపలి వాల్వు మార్చాలి. పలకలు పగలగొట్టకుండా, ఆ గోడకు అవతల ఉన్న బట్టల గది వైపు నుంచి షీట్‌రాక్ (జిప్సం గోడ పలక) కోసి, కడ్డీలు బిగించే చోట లోపల మందపాటి కొయ్యలు అమర్చి, వాల్వు కూడా అటునుంచే మార్చారు. ఇటు వైపు పలకల్లో మరలు దిగే చిన్న రంధ్రాలు తప్ప ఏమీ పడలేదు. ఈ ఉపాయం చెప్పిన ముసలి ప్లంబరును నేను కృతజ్ఞతతో తలుచుకుంటాను. ఒక్కసారి వదిలితే ఐదు గ్యాలన్ల దాకా నీరు పోసే పాత కమోడు తీసేసి, ఇప్పటి టెక్సాస్ చట్టం ప్రకారం 1.28 గ్యాలన్లకు మించనిది పెట్టించాం.

ముందుగది, పడకగదుల కార్పెట్టు ఎత్తితే కింద రెండుంపావు అంగుళాల వెడల్పు ఓక్ పలకలు బయటపడ్డాయి. కొన్నిచోట్ల నీటి మరకలతో నల్లబడ్డవాటిని బట్టల గదుల్లో ఉన్న అవే పలకలతో మార్పించాం. దుకాణంలో కొన్న కొత్త పలక డెబ్భై ఏళ్ల కొయ్య పక్కన రంగు కలవదు. బట్టల గదుల్లో కొత్తవి వేయించాం. సాన పట్టాక, కాలంతో తేనె రంగుకు తిరిగే నూనె ఆధారపు పాలియురేథేన్ పూశారు.

అలంకరణలో మాకు దారి చూపింది ఇంటి ఎత్తే. ఎనిమిదడుగుల కప్పు కింద పెద్ద చేతుల సోఫాలు, ఎత్తైన తలగట్లు ఉన్న మంచాలు గదిని మింగేస్తాయి. సన్నటి కాళ్ల మీద నిలబడి, వాటి కింద నేల కనిపించే పొట్టి సామాను పెడితే గది పెద్దదిగా అనిపిస్తుంది, కూర్చున్న మనిషి చూపు కిటికీ దాకా అడ్డం లేకుండా వెళుతుంది. ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట) దొరికిన వాల్‌నట్ సైడ్‌బోర్డు ఒకటి ముందుగదికి సరిపోయింది. చిన్న గదిలో ముడులు కనిపించే పైన్ పలకల గోడను తెల్లరంగు వేయకుండా ఉంచాం. కప్పు నిండా కన్నాలు పొడిచి దీపాలు పెట్టడం ఇప్పుడు అలవాటైంది. అటకను అంత కష్టపడి మూసినవాళ్లం మళ్లీ కన్నాలు పెట్టదలచుకోలేదు, వేలాడే దీపాలు, నిలువు దీపాలతోనే సరిపెట్టుకున్నాం.

మన చేనేత బట్టలు ఈ ఇంటికి పరాయివి కావు. 1955లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ భారతీయ వస్త్రాలు, కళారూపాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. దాన్ని అమర్చినవాడు ఆ కాలపు పేరున్న డిజైనరు అలెగ్జాండర్ జిరార్డ్. 1958లో భారత ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు ఇచ్చిన నివేదిక, 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడడానికి దారితీసింది. ఆ దశాబ్దపు ఇంట్లో పోచంపల్లి ఇకత్ దిండ్లు వేస్తే అవి అక్కడ పుట్టినట్టే కుదురుతాయి. సూటి గీతల గోడల మధ్య ఇకత్ అంచుల మసకదనం కంటికి హాయిగా ఉంటుంది. పెద్ద కిటికీ కర్టెన్లకు మంగళగిరి నూలు బట్ట తెప్పించాం. మగ్గం మీద పన్నా తక్కువ కనుక ఎనిమిదడుగుల కిటికీకి ముక్కలు కలపాలి. అతుకులు దాచే ప్రయత్నం చేయకుండా, అంచు గీతలు సమదూరంలో నిలువుగా పడేలా కుట్టించాం. లోపలి వైపు తెల్లటి మందపు అస్తరు లేకపోతే టెక్సాస్ ఎండకు నూలు రెండు వేసవులు కూడా నిలవదు. సహజ రంగుల శ్రీకాళహస్తి కలంకారీని ఎండ పడని హాలు గోడకు, అద్దం వెనుక పెట్టాం.

ఆ హాల్లోనే దుప్పట్లు పెట్టుకోవడానికి గోడలో కట్టిన అల్మరా ఉండేది, తూర్పు ముఖంగా. మా అత్తగారు చూడగానే దాన్ని దేవుడికి కేటాయించారు. పై అరలు తీసి, దీపం పెట్టే చోట ఇత్తడి రేకు పరిచి, కుంది పైన కొయ్య తగలకుండా ఎత్తు వదిలి, తలుపులు తెరిచి ఉంచితేనే దీపం వెలిగించాలని ఇంట్లో నియమం పెట్టాం. ఆ పక్కన ఉన్న పొగ హెచ్చరిక పరికరాన్ని, నిబంధన ఒప్పుకునే మేరకు, కాస్త దూరానికి జరిపించాం.

ఇంకా మిగిలి ఉన్నది పెకాన్ చెట్టు. కొట్టేయమని పునాదివాళ్లు చెప్పారు. చెట్ల నిపుణుడిని పిలిపిస్తే, ఇంత పెద్ద చెట్టును ఒక్కసారిగా తీసేస్తే ఇన్నాళ్లూ అది తాగిన నీరు మట్టిలోనే నిలిచి ఆ మూల ఉబ్బే ప్రమాదం కూడా ఉందని వివరించారు. పడమటి ఎండ నుంచి ఆ గదులను కాపాడేది ఆ చెట్టే. అందుకని వచ్చే చలికాలం, ఆకు రాలి చెట్టు నిద్రలో ఉన్నప్పుడు, ఇంటి వైపు మూడడుగుల లోతు కందకం తవ్వి వేళ్లకు అడ్డుగోడ దింపించబోతున్నాం. అంతదాకా ఇంటి చుట్టూ అడుగున్నర ఎడంగా పరిచిన చెమ్మ గొట్టంతో వేసవి పొడుగునా మట్టిని ఒకే తడిలో ఉంచుతున్నాం. ఇంజినీరు ఇచ్చిన పటం మీదనే ఏటా మే వానల తర్వాత ఒకసారి, ఆగస్టు చివర ఒకసారి మట్టం కొలిచి రాసుకుంటున్నాం. అడ్డుగోడ పడ్డాక వచ్చే కొలతలు చూసి, నైరుతి మూలలో ఇంకో పియరు కావాలో వద్దో నిర్ణయిస్తాం.